వృద్ధ గాయకుడు వేదిక దిగాలా?

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం)

పాట పాడేవానికి పదవీ విరమణ వయస్సు ఎంత? బడిపంతులుకు ఒక వయస్సుంది. సింగరేణి కార్మికునికి ఒక వయస్సుంది. మా నాయన వంటి రైతుకు లేదు. మోకాళ్ళు మొరాయించిన నాడే ఆయనకు రిటైర్మెంట్. గాయకుని సంగతి ఈ రెండింటికీ మధ్యన వేలాడుతున్నది. గొంతు పోయినా పాడుతానంటే ఆపే చట్టం లేదు, గొంతు బాగున్నా జనం రాకపోతే పాడించే నాథుడు లేడు.

ఈ ప్రశ్న ఇప్పుడు గట్టిగా వినపడుతున్నది పాశ్చాత్య దేశాల రాక్ సంగీతంలో. రాక్ అంటే 1950 ప్రాంతాల్లో అమెరికాలో పుట్టి లోకమంతా పాకిన కుర్రకారు సంగీతము. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, చెవులు గింగురుమనే స్పీకర్లు, పెద్దలను ధిక్కరించే పాటలు. ఆ ధిక్కరించిన కుర్రాళ్ళే ఇప్పుడు తాతలయ్యారు! 1962లో లండనులో మొదలైన రోలింగ్ స్టోన్స్ బృందంలో ముఖ్య గాయకుడు మిక్ జాగర్ 1943లో పుట్టాడు. 2024లో ఎనభై ఏళ్ళ వయస్సులో అమెరికా అంతా తిరిగి, వేదిక మీద ఆ చివర నుండి ఈ చివరకు పరుగెత్తుతూ పాడాడు. తమాషా ఏమంటే, ఆ పర్యటనకు స్పాన్సరుగా నిలిచింది యాభై ఏళ్ళు దాటినవారి కోసం పనిచేసే ఒక అమెరికా సంఘము. ఎల్టన్ జాన్ ముందుగానే ప్రకటించి, ఊరూరా వీడ్కోలు చెప్పుకొని, 2023 జూలైలో స్టాక్‌హోంలో తన పర్యటనలు ముగించాడు. ఏరోస్మిత్ బృందం గాయకుడు స్టీవెన్ టైలర్‌కు స్వరపేటిక దెబ్బతిని కోలుకోకపోవడంతో 2024 ఆగస్టులో ఆ బృందం పర్యటనలు మానుకున్నది. ఇక ఓజీ ఆస్బర్న్. పార్కిన్సన్ జబ్బుతో నడవలేని స్థితిలో, 2025 జూలై 5న తన సొంత ఊరు బర్మింగ్‌హాంలో సింహాసనం వంటి కుర్చీలో కూర్చొని ఆఖరిసారి పాడాడు. అదే నెల 22న కన్నుమూశాడు.

ఇదంతా మనకెందుకు అని మిత్రులు అడగవచ్చు. ఎందుకంటే వార్షికోత్సవ ఏర్పాట్ల సమావేశంలో మనవాళ్ళే ఈ ప్రశ్నను వేరే మాటల్లో వేశారు. ఒక డోలు పెద్దాయనను పిలుద్దామని ఒకరంటే, "ముసలాయన్ని పిలిచి ఏం చేస్తాం, గొంతు కూడా సరిగా రాదు, డీజే పెడదాం" అన్నారు ఇంకొకరు. కొందరు నవ్వారు. నేను నవ్వలేదు గాని, అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం చదివినది, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

గొంతు ఎట్లా ముసలిదవుతుంది?

విజ్ఞానశాస్త్ర విద్యార్థిని గనుక ముందు శరీరము సంగతి చూద్దాం.

మన కంఠంలో స్వరపేటిక ఉంది. అందులో రెండు స్వరతంత్రులు. తంత్రులన్నారు గదా అని వీణ తీగల్లాగా ఊహించుకోవద్దు. అవి కండరము, దానిమీద మెత్తటి పొర. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి వాటి మధ్యగా దూసుకుపోయేటప్పుడు అవి అదురుతాయి. మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు సుమారు 100 నుండి 130 సార్లు, ఆడవారిలో 200 పైచిలుకు. పై స్థాయి అందుకోవాలంటే ఆ తంత్రులు సాగి, బిగిసి, ఇంకా వేగంగా అదరాలి.

వయస్సు మీదపడితే ఈ కండరం పలచబడుతుంది. రెండు తంత్రులు దగ్గరకు వచ్చినా మధ్యలో కొద్దిగా వంపు తిరిగి సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి వృథాగా పోతుంది. అందుకే ముసలివారి గొంతులో గాలి చప్పుడు, వణుకు. ఇంకొక వింత ఉంది. వయస్సుతో మగవారి గొంతు కొంచెం సన్నబడుతుంది, ఆడవారి గొంతు బొంగురుగా కిందికి దిగుతుంది. మా నాయనమ్మ ఫోనెత్తితే తెలియనివాళ్ళు "పెద్దాయనా" అని పలకరిస్తారు. ఆమె వాళ్ళను తిట్టే తిట్లు ఇక్కడ అచ్చువేయడానికి పనికిరావు.

స్వరపేటిక గోడలు మృదులాస్థి. మనం రికార్డులో బొమ్మ వేసే ఆ థైరాయిడ్, క్రికాయిడ్ మృదులాస్థులు వయస్సుతో మెల్లగా గట్టిపడి ఎముకగా మారతాయి. ఉపజిహ్విక మాత్రం వేరే రకపు మృదులాస్థి గనుక అట్లా మారదు. పక్కటెముకలను రొమ్ము ఎముకకు కలిపే మృదులాస్థి కూడా బిగుసుకుంటుంది. ఊపిరితిత్తులకు సాగి ముడుచుకునే గుణం తగ్గుతుంది. పాత సైకిలు ట్యూబును చూడండి, గాలి పడుతుంది గాని వెనుకటి బిగువుండదు. ఒకే ఊపిరిలో పద్యము చివరి రాగం దాకా లాగినవాడు, ఇప్పుడు మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి.

చెవి సంగతి మరీ విషాదము. లోపలి చెవిలోని నత్త ఆకారపు గొట్టంలో సన్నటి కేశకణాలుంటాయి. ఎక్కువ పౌనఃపున్యాలను అందుకునే కణాలు దాని మొదట్లోనే ఉంటాయి, ముందు చచ్చేవి అవే. మన వంటి క్షీరదాల్లో అవి మళ్ళీ మొలవవు. కోళ్ళలో మొలుస్తాయి! ఈ విషయంలో కోడి మనకన్నా అదృష్టవంతురాలు. 85 డెసిబెల్స్ పైబడిన మోతలో రోజుకు 8 గంటలు, ఏళ్ళ తరబడి గడిపితే ఎంతటి వయస్సువారికైనా వినికిడి దెబ్బతింటుంది. ది హూ బృందపు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన చెవులు అట్లా పాడయ్యాయని నలుగురిలో చెప్పుకున్నాడు. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టె ముందు ఎగిరే మన మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవవలసినదిగా మనవి.

అయితే అన్నీ ఒక్కసారి పోవు. ముందుగా పోయేది పై స్థాయి, తరువాత ఊపిరి నిడివి, వేగము. చాలాకాలం నిలిచేది లయ. ఏళ్ళ తరబడి సాధన చేసిన లయ, వరుస, చేతివాటము మెదడులో వేరే చోట భద్రపడి ఉంటాయి. నిన్న తిన్న కూర గుర్తులేని పెద్దమనిషి, చిన్నప్పుడు నేర్చిన కీర్తన తప్పు లేకుండా పాడడం మనలో చాలామంది ఇళ్ళలో చూసిందే.

కాబట్టి "ముసలి గాయకుడు" అని అందరినీ ఒకే గాటన కట్టడము శాస్త్రరీత్యా సరిగాదు. ఆ కళ దేనిమీద నిలబడి ఉన్నది? పై స్థాయి మీదనా, ఊపిరి మీదనా, జ్ఞాపకము మీదనా? ముందుగా ఇది అడగాలి.

ఆపినవారు, ఆపనివారు

సినిమా పాట తీయదనము మీద నిలబడి ఉన్నది. ఎస్.జానకి గారు ఆ మాట మనకన్నా ముందే గ్రహించారు. 1938లో గుంటూరు సీమలో పుట్టిన ఆమె 2016లో ఇక పాటలు చాలని ప్రకటించి, 2017 అక్టోబరులో మైసూరులో వీడ్కోలు కచేరీ చేశారు. అప్పటికి ఆమెకు 79 ఏళ్ళు. ఆమె పాడిన వేల పాటలు రికార్డుల్లో పదహారేళ్ళ గొంతుతోనే ఉన్నాయి. ఆమె మౌనంగా ఉన్నా వాటికి కొరత లేదు. ఘంటసాల గారికి ఈ ప్రశ్న వేసుకునే వయస్సే రాలేదు, 1974 ఫిబ్రవరి 11న 51 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న 74 ఏళ్ళ వయస్సులో కరోనా కాలంలో పోయేదాకా పాడుతూనే ఉన్నారు.

పద్యనాటకము వేరు. మా వైపు పల్లెల్లో ఇప్పటికీ హరిశ్చంద్ర, చింతామణి ఆడించే మోతుబరులున్నారు. అరవై దాటిన నటుడు రంగు పూసుకొని యువరాజై వస్తే ముఖాన్ని పెట్రోమాక్స్ కాలంలో జనం క్షమించారేమో గాని, ఇప్పటి ఫ్లడ్ లైట్లు క్షమించవు. శృతి కొంచెం దించి వాయించమని హార్మోనియం ఆయనకు కళ్ళతోనే సైగ చేయడం ముందు వరుసలో కూర్చున్నవారికి తెలుస్తూనే ఉంటుంది. దించితే తప్పేమిటి? నా ఉద్దేశంలో తప్పులేదు. కాని పాతికేళ్ళ కుర్రవాడు అదే వేషం నేర్చుకొని పక్కన నిలబడి ఉండగా, పాతాయనే ఇరవై ఏళ్ళుగా కిరీటం దించకపోతే మాత్రం అది కళాసేవ కాదు. అటువంటివారు దిగాలి. నేను మొహమాటపడను.

గద్దర్ సంగతి ఈ లెక్కలకు లొంగదు. రాక్ గాయకుడు అనదగిన మనిషి మన తెలుగునేలలో ఎవరంటే నేను ఆయన పేరే చెబుతాను. గిటారు లేదు, భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేత కర్ర. 1970ల నుండి జననాట్యమండలితో ఊరూరా ఎగిరి ఆడి పాడినవాడు. 1997 ఏప్రిల్ 6న జరిగిన కాల్పుల్లో ఆయన ఒంట్లో దిగిన తూటాల్లో ఒకటి వెన్నులోనే ఉండిపోయింది. దాన్ని మోసుకుంటూనే ఇంకో ఇరవై ఆరేళ్ళు ఆడాడు. ఆయన కళ శరీరము మీద నిలబడిన కళ, ఆ శరీరము మాత్రం అన్ని విధాలా దెబ్బతిన్నది. 2023 జూలై 2న మన ఖమ్మం బహిరంగ సభలో వేదిక ఎక్కాడు, ఆగస్టు 6న గుండె ఆపరేషను తరువాత ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించినవారున్నారు, విభేదించినవారున్నారు, కడపట మారిన తోవను చూసి నొచ్చుకున్నవారూ ఉన్నారు. కాని "వయస్సైంది, దిగు" అన్నవాణ్ణి నేను వినలేదు. జనము గొంతును వినడానికి రాలేదు, మనిషిని చూడడానికి వచ్చారు. ఓజీ ఆస్బర్న్ కుర్చీలో కూర్చొని పాడిన నాడు బర్మింగ్‌హాంలో జరిగింది కూడా ఇదే అని నాకనిపిస్తుంది.

గొంతే పుస్తకమైన చోట

ఇక అసలు సంగతికి వస్తాను. మన కోయ సోదరులలో డోలీలని ఒక శాఖ ఉన్నది. డోలు వాయిస్తూ తెగ చరిత్ర చెప్పడము వారి వృత్తి. కోయ గోత్రాలు గట్టులుగా విభజింపబడి ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని. ఏ గట్టువారి వేల్పు ఎవరు, ఎక్కడనుండి వచ్చారు, ఎవరితో పోరాడారు, ఎవరెవరికి పెళ్ళి పొత్తు కుదురుతుంది అనేదంతా డోలీల నోట ఉంటుంది. పడిగె అనే బొమ్మల గుడ్డ ముందుంచుకొని ఆ కథ చెబుతారు. కోయభాష గోండికి దగ్గరి ద్రావిడ భాష. తరతరాలుగా లిపి లేకుండానే నడిచింది. కనుక ఆ చరిత్రకు గ్రంథాలయము ఏది అంటే డోలీ గొంతే.

ఈ విద్యలో మన కాలపు పెద్ద పేరు సకిని రామచంద్రయ్య గారిది. ఊరు మణుగూరు మండలము కూనవరము. శబరి గోదావరిలో కలిసే కూనవరము వేరు, అది 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. ఇది మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. కంచుమేళం, కంచుతాళం కళకు గాను 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. సమ్మక్క సారలమ్మల కథను, గిరిజన వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. మేడారం జాతరకు పోయే మనలో ఎంతమందికి ఆ కథ కోయల నోట ఎట్లా ఉంటుందో తెలుసు? బెల్లం తూచి మొక్కు చెల్లించి వస్తాం, అంతే. రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ డీజే మిత్రుని మాటను ఈ త్రాసులో పెట్టి చూడండి. జానకి గారు ఆపితే పాట పోలేదు. డోలీ పెద్ద ఆపితే ఒక గట్టు చరిత్రే పోతుంది. గొంతు వణికితే వినేవాళ్ళకు పట్టింపు లేదు, వాళ్ళు చూసేది పూర్వీకుల పేర్లు వరుస తప్పకుండా వచ్చాయా లేదా అని. అంటే ఈ కళ నిలబడిందే జ్ఞాపకము మీద, లయ మీద. శరీరంలో చివరగా ముసలివయ్యేవి ఆ రెండే అని పైన చెప్పుకున్నాం. యాభై ఏళ్ళు విని, పాడి, పెద్దలచేత దిద్దించుకున్న మనిషి అరవైలో పనికిరాడనడము ఎట్లా ఉంటుందంటే, మిరపతోట కోతకొచ్చిన నాడు నీళ్ళు ఆపినట్టుంటుంది.

"రికార్డు చేసుకుంటే సరిపోదా?" అనవచ్చు. పరిశోధకులు ఆ పని చేశారు, చేస్తున్నారు, మంచిదే. కాని రికార్డు నేర్పదు. మా ఇంట కోడెకు సాలు నేర్పేటప్పుడు మా నాయన ఏం చేస్తాడంటే, దాన్ని ముసలెద్దు పక్కన కాడికి కడతాడు. ముసలెద్దు బలం తగ్గి ఉంటుంది, కోడెదే గుంజుడంతా. కాని ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో, "ఓహో" అంటే ఏమిటో ముసలిదానికి తెలుసు. రెండు మూడు వానాకాలాలు అట్లా నడిస్తే కోడెకు సాలు వస్తుంది. ముసలెద్దును ముందే అమ్మేసుకున్న రైతు కోడెను పట్టుకొని చేలో తిప్పలు పడతాడు. (ఇప్పుడు ట్రాక్టర్లొచ్చి ఈ తగవే లేదనుకోండి.) డోలు పెద్దాయన వెనకాల వంత పాడేవాడు, కంచుతాళం వేసేవాడు ఆ కోడె వంటివాడు. వాడికి కథ అబ్బేది పెద్దాయన జనం ముందు పాడుతున్నప్పుడే. పేరు తప్పితే కూర్చున్న పెద్దలు అందుకొని సరిచేసేది అక్కడే. ఖాళీ గదిలో ఫోను ముందు ఆ సరిదిద్దడము ఉండదు.

ఆదిలాబాదు వైపు మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారు తనకు వచ్చిన అడుగులు పిల్లలకు నేర్పుతూ వచ్చారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో పోయారు. గుస్సాడీ నేర్చిన పిల్లలు మిగిలారు. మన వైపు డోలు నేర్చుకుంటున్న కుర్రవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. తప్పు వాళ్ళది కాదు. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పనికి పోతే రోజుకూలి వస్తుంది, డోలుకు ఏమొస్తుంది?

ఇక్కడ రాక్ గాయకునికీ మన గాయకునికీ అసలు తేడా బయటపడుతుంది. జాగర్ ఎనభైలో పాడడము ఆయన ఇష్టము, మానేసినా మేడలుంటాయి. మన ముసలి కళాకారుడు పాడుతున్నది తప్పక పాడుతున్నాడా, ఇష్టంతో పాడుతున్నాడా అని అడిగినవాడు లేడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి కూడా 2022లోనే పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఒక పెద్ద సినిమా పాటలో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది. 2024లో ఆయన కట్టడాల దగ్గర కూలిపని చేస్తున్న వార్త పత్రికల్లో చూశాం. పద్మశ్రీ వచ్చినాయన సంగతే ఇది. ఏ బిరుదూ రాని డోలాయన అర్ధరాత్రి దాకా జాతర్లో పాడి, తెల్లారి పత్తి ఏరను పోతాడు. అటువంటి మనిషిని "దిగిపో" అనే హక్కు మనకు లేదు. "ఇక చాలు" అని ఆయనే అనగలిగేటట్లు నెలనెలా అందే పింఛను ఉండాలి. అప్పుడుగాని ఆపడమా, పాడడమా అన్నది ఆయన నిర్ణయము కాదు.

మూడేళ్ళ క్రితం ఒకచోట, పేరు అనవసరము, ఒక సభలో ఇటువంటి పెద్దాయనను సాయంత్రం 5 గంటలకు రమ్మని, ఉపన్యాసాలన్నీ అయ్యాక రాత్రి 11కు వేదిక ఎక్కించారు. అప్పటికి కుర్చీలు సగం ఖాళీ. మైకు ఆయన మెడ ఎత్తుకు అందలేదు. పది నిమిషాలు కాకముందే చీటీ పంపారు. ఆ రాత్రి విన్నవాళ్ళు "పాపం, గొంతు పోయింది" అనుకుంటూ వెళ్ళారు. గొంతు పోలేదు, ఆరు గంటలు అన్నం నీళ్ళు లేకుండా కూర్చోబెడితే ఇరవై ఏళ్ళవాడి గొంతైనా అట్లాగే ఉంటుంది.

అందువల్ల మన యూనియన్ మిత్రులకు నేను కోరేది ఇది. ఈసారి డోలు పెద్దాయనను పిలవండి. డీజే కూడా పెట్టుకోండి, నాకేం పగ లేదు, కాని ఆయన తరువాత పెట్టండి. సాయంత్రం 6 గంటలకు మొదటి కార్యక్రమము ఆయనదే కావాలి. నిలబడి వాయించమని అడగకుండా ఎత్తైన బల్ల ఒకటి వేయండి; డోలుకు ఒక మైకు, గొంతుకు ఒక మైకు పెట్టండి, లేకపోతే డోలు చప్పుడులో మాట మునుగుతుంది. కాచిన నీళ్ళు దగ్గరుంచండి. పది నిమిషాలని కాకుండా గంట ఇవ్వండి. వంత పాడే కుర్రవాణ్ణి కూడా పిలవండి, బస్సు చార్జీ, పారితోషికము ఇద్దరికీ విడివిడిగా చేతిలో పెట్టండి. మన కళాశాలలో కోయ విద్యార్థులు ఉన్నారు. వారిలో ఒకరు పక్కన కూర్చొని ఏ గట్టు కథ నడుస్తున్నదో మధ్యమధ్య తెలుగులో చెబితే మిగతావాళ్ళకు అర్థమవుతుంది. ఆయన మధ్యలో అలసి ఆగితే చప్పట్లు కొట్టి పంపించేయకండి. ఆ కుర్రవాడు అందుకుంటాడేమో ఆగి చూడండి.